దెబ్బలు ఆమెవి, కేసు సర్కారుది

చీరల అంగట్లో కొన్న చీర ఇంటికి వెళ్లాక నచ్చకపోతే, మడత విప్పకుండా తీసుకెళ్లి వేరేది మార్చుకోవచ్చు. మా చిత్తూరు, తిరుపతి వైపు జనం కోర్టుకు కూడా ఇదే లెక్కన వస్తారు. నేను ఏపీపీగా, అంటే మేజిస్ట్రేటు కోర్టులో పోలీసు కేసులు నడిపే ప్రభుత్వ లాయరుగా పనిచేసినన్నాళ్లూ, పొద్దున్నే నా గది ముందు ఒక గుంపు నిలబడి ఉండేది. అందులోంచి ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, "మేడం, పాప కేసు వాపసు తీసుకుంటాది. యాడ సంతకం పెట్టల్ల?" అనేవాడు. పాప ఎక్కడా అని చూస్తే, అందరి వెనకాల గోడకు ఆనుకుని, చెంగు కొన వేలికి చుట్టుకుంటూ ఉండేది.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇప్పటికీ ఫోను చేసి అడుగుతుంటారు. "మేడం, మొగుడు కొట్టాడని కేసు పెట్టిన భార్యే వచ్చి కేసు వద్దంటోంది. ఏం చేయమంటారు?" పుస్తకంలో దీనికి జవాబు అర పేజీ కూడా ఉండదు. నాకు మాత్రం అది తెలుసుకోవడానికి ఉద్యోగమంతా పట్టింది. నా బదిలీల కష్టాలు వినడానికి మా ఆయన ఉన్నారు, పాపం ఆయనకు వేరే దారి లేదు. మీకోసం ఈ ఒక్క ప్రశ్న గురించే రాస్తున్నాను.

సర్కారుకు యాడ తగిలింది?

నా మొదటి పై అధికారి రంగనాయకులు గారు. వక్కపొడి నోట్లో వేసుకోకుండా ఏ సెక్షనూ చెప్పలేని మనిషి. చేరిన కొత్తలో నేనొక ఫిర్యాదుదారుతో "మీ కేసు వచ్చే వారం ఉందమ్మా" అంటుంటే విని, లోపలికి పిలిచి మందలించారు.

"ఆమె కేసు కాదమ్మా. ఆమె ఇచ్చింది ఫిర్యాదు. ఎఫ్ఐఆర్ అయిన నిమిషం నుంచి కేసు సర్కారుది. ఆమె మనకు సాక్షి, అంతే. మనం ఆమె లాయర్లం కాదు."

ఈ మాట నాకు తెగ నచ్చింది. కనిపించిన ప్రతివాళ్లకూ ఒప్పజెప్పేదాన్ని. ఇట్లా కొన్నాళ్లు నడిచాక, సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక పూలమ్మే ఆమె నా ఉపన్యాసం అంతా ఓపిగ్గా విని, తన భుజం మీది మచ్చ చూపించింది.

"దెబ్బలు తినింది నేను, కేసు సర్కారుదా? సర్కారుకు యాడ తగిలిందమ్మా?"

నేను అదే ప్రశ్న తీసుకెళ్లి రంగనాయకులు గారి ముందు పెట్టాను. ఆయన పొలమారేంత నవ్వి, నీళ్లు తాగి, అప్పుడు అసలు సంగతి చెప్పారు.

"కేసు ఆమెదే అనుకో. ఆమె తీసేస్తే పోతుందనుకో. అప్పుడు ఇంటిల్లిపాదీ ఏం చేస్తారు? అత్త, ఆడబిడ్డ, ఆఖరికి సొంత అన్న కూడా తీసేయ్, తీసేయ్ అని ఆమె ప్రాణం తోడేస్తారు. 'నా చేతిలో ఏమీ లేదు, సర్కారుది' అని చెప్పుకోవడానికి ఆమెకు ఒక సాకు ఉండాలి కదమ్మా. మనం ఆ సాకు."

ఆయన చెప్పిన చట్టంలో సగం మరిచిపోయాను కానీ ఈ మాట మరిచిపోలేదు. ఆ తర్వాత నుంచి ఆడవాళ్లకు నేనే నేర్పించేదాన్ని. "మేడం ఒప్పుకోలేదని చెప్పమ్మా. తిట్లన్నీ నాకు పంపించు." బాగానే పంపించారు. ఈ ప్రాంతం అత్తగార్లు నాకు పెట్టిన శాపాల్లో పదోవంతు తగిలి ఉన్నా ఇవాళ కూర్చుని ఇది రాసేదాన్ని కాదు.

ఇక్కడే ఒక చిక్కు విప్పి చెబుతాను. గృహహింస చట్టం కింద రక్షణ కావాలనో, ఇంట్లో ఉండనివ్వాలనో ఆమె తనంతట తాను కోర్టులో వేసుకునే పిటిషన్ ఒకటుంది. అది ఆమె సొంతం, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. పోలీసులు పెట్టిన క్రిమినల్ కేసు అట్లా కాదు. ఆమె వద్దనగానే ఎస్సై చించేయలేడు, నేను కొట్టేయలేను. అడిగే హక్కు ఆమెకు ఉంది, ఒప్పుకునేది కోర్టు. గొంతు నులిమి హత్యాయత్నం దాకా పోయిన కేసుల్లో అయితే కింది కోర్టులో రాజీ మాటే లేదు.

జిరాక్సు అంగడి

కేసు వద్దు అని ఒకామె వచ్చినప్పుడు చట్టం తీసి చూడకండి. ముందు ఎవరు వద్దంటున్నారో చూడండి. గుంపులో ఆమె నోరు విప్పదు. మీరు అడిగే ప్రతి ప్రశ్నకూ పక్కనున్న అత్తగారే జవాబు చెబుతుంది. "నీ పేరేంటమ్మా?" అన్నా ఆమే చెబుతుంది.

బయటికి పొమ్మంటే పోరు. "మా కోడలు బయపడతాది మేడం" అని ఇంకా దగ్గరికి జరుగుతారు. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. ఎవరినీ పొమ్మనేదాన్ని కాదు. ఎంతో మర్యాదగా, "ఆధార్ కార్డు జిరాక్సు కావాలే. మీరు పెద్దవాళ్లు, మీరే తెస్తే మంచిది" అనేదాన్ని. ఆ అంగడి దూరంగా బస్టాండు పక్కన ఉండేది. మామగారిని పెండ్లి ఫొటో జిరాక్సుకు పంపేదాన్ని. మరీ మొండి అయితే రేషను కార్డు, అదీ రెండు వైపులా. ఆ కాగితాలతో నాకు ఏ పనీ లేదు. ఆ అంగడి అతను నన్ను చూస్తే లేచి నిలబడి దండం పెట్టేవాడు.

గది ఖాళీ అయ్యాక ఒకే మాట అడిగేదాన్ని. "ఇవాళ నిన్ను ఎవరు తీసుకొచ్చారమ్మా?" కొందరు ఆ ప్రశ్నకే ఏడ్చేవారు. కొందరు మాత్రం ధీమాగా, "నేనే వచ్చినాను మేడం, నాకే వద్దు" అనేవారు. వాళ్లను కూడా నమ్మాలి. మొగుడిని జైల్లో పెట్టించడం కోసమే ప్రతి ఆడదీ స్టేషను మెట్లెక్కదు. చాలామందికి కావలసింది ఆ రాత్రికి కొట్టకుండా ఎవరో ఒకరు ఆపడం. ఇది అర్థం కాని ప్రాసిక్యూటర్లు వాళ్లను తిడతారు. "అప్పుడెందుకు పెట్టావు, ఇప్పుడెందుకు వద్దంటావు?" అని గదమాయిస్తారు. నాకు అట్లాంటి వాళ్లను చూస్తే ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

మెట్లు లేని ఇల్లు

రాజీకి పద్ధతి ఉన్నా, మా వైపు వాడుకలో ఉన్న అడ్డదారి వేరు. అర్జీ, అనుమతి, ఇవన్నీ ఎందుకని, ఆమెనే బోనెక్కించి "నన్నెవరూ కొట్టలేదు" అని చెప్పిస్తారు. సాక్షి హోస్టైల్, అంటే ఎదురుతిరిగింది, కేసు పోయింది, అందరూ కలిసి హోటల్లో దోశ తిని ఇంటికి పోవచ్చు. మరి దెబ్బలు ఎట్లా తగిలాయంటే, మెట్ల మీద నుంచి జారి పడ్డాను అంటారు. మా కోర్టుల వాంగ్మూలాలు చదివిన పైదేశం వాడెవడైనా, ఈ జిల్లాలో జనం కాపురాలన్నీ మెట్ల మీదే చేస్తారనుకుంటాడు.

రాజేశ్వరి అని తిరుపతి ఆమె, లాడ్జీలో వంట మాస్టరు భార్య. ఆమె కూడా మెట్లే అంది. నేను లేచాను.

"మీది మేడ ఇల్లామ్మా?"

"లేదు మేడం, రేకుల ఇల్లు."

"రేకుల ఇంటికి మెట్లెక్కడివి?"

ఆమె మొగుడి తరఫు లాయరు వైపు చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "పక్కింటోళ్లవి మేడం" అంది చివరికి. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. కేసు కొట్టేశారు.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నాళ్లకు రాజేశ్వరి మళ్లీ వచ్చింది. ఈసారి ఒక చెవి వినపడడం లేదు. కొత్త కేసు, కొత్త వాంగ్మూలం, అన్నీ నిజాలే. అవతలి లాయరు పాత వాంగ్మూలం నకలు తెప్పించి ఆమె ముందు చదివాడు. "అప్పుడు దేవుని మీద ప్రమాణం చేసి మెట్లు అన్నావు. ఇప్పుడు అదే ప్రమాణం చేసి మొగుడు అంటున్నావు. నువ్వు అబద్ధం చెప్పింది ఏ రోజు?" ఆమె బోను కమ్మీ పట్టుకుని, వినిపించే చెవి ఆయన వైపు తిప్పి, ఆ ప్రశ్న మళ్లీ అడగమంది. ఆ వంట మాస్టరు నిర్దోషిగా బయటికి పోయాడు. ఆ రోజు నేను గదిలోకి వచ్చి తలుపు దగ్గరేసుకుని ఏడ్చాను. కాబట్టి పిల్లలూ, ఎవరైనా మీ ముందుకొచ్చి "హోస్టైల్ చెప్పిస్తే ఒక్క పూటలో అయిపోతుంది మేడం" అంటే, ఆమెను కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. ఇవాళ్టి కేసుతో పాటు రేపు పెట్టబోయే కేసు కూడా అప్పుడే పోతుందని చెప్పండి.

మాల వేసుకున్న ముద్దాయి

మొగుడు, అత్తింటివాళ్లు హింసించారని పెట్టే 498-ఏ కేసులో చాలా రాష్ట్రాల్లో కింది కోర్టులో రాజీ కుదరదు, హైకోర్టుకు పోవలసిందే. మన రాష్ట్రంలో మేజిస్ట్రేటు అనుమతితో కుదిరేట్టు చేశారు గానీ ఒక మెలిక పెట్టారు. రాజీ అర్జీ ఇచ్చాక మూడు నెలలు ఆగాలి. ఆలోపు ఇద్దరిలో ఎవరూ మనసు మార్చుకోకపోతేనే కోర్టు ఆలోచిస్తుంది. కొత్త చట్టాలు వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ తారుమారయ్యాయి. ఈ మెలిక ఇప్పుడు ఏ రూపంలో ఉందో మీరు కనుక్కోండి. నేను నా కాలం సంగతి చెబుతున్నాను.

నేను రిటైరవడానికి కొద్దిగా ముందు నగరి నుంచి మునిలక్ష్మి వచ్చింది. మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పని. పగలంతా మగ్గాల హోరులో ఉండేవాళ్లకు మెల్లగా మాట్లాడడం రాదు. ఆమె గుసగుసగా చెప్పింది కూడా బయట చెట్టు కింద ఉన్న కానిస్టేబుల్‌కు వినిపించేది. మొగుడు గజేంద్ర ఆటో తోలతాడు. తాగి వచ్చి ఆమె మణికట్టు విరిచాడు, కేసు అయింది. ఇప్పుడు గజేంద్ర మేనమామ కన్నయ్య, ఊళ్లో పెద్దమనిషి, పంచాయితీ చేసి రాజీ కుదిర్చి అందరినీ వెంటబెట్టుకొచ్చాడు. అలవాటు ప్రకారం కన్నయ్యను, గజేంద్రను జిరాక్సుకు పంపించాను.

"నీకు నిజంగా కేసు వద్దా మునిలక్ష్మీ?"

"ఆయప్ప జైలుకు పోవల్లని నాకు లేదు మేడం. పిల్లోడు నాయనా నాయనా అని యేడస్తాడు. నాకు మొగుడు కావల్ల, దెబ్బలు వద్దు. రెండూ ఇడదీసి ఇచ్చే సెక్షను ఏమన్నా ఉండాదా?"

అట్లాంటి సెక్షను ఉంటే నేనే ముందు చదివి ఉండేదాన్ని. మూడు నెలల సంగతి చెప్పాను. అడ్డదారి గురించి, రాజేశ్వరి చెవి గురించి కూడా చెప్పాను. ఆమె "అయితే మూడు నెల్లే కానీండి" అంది. జిరాక్సులతో తిరిగొచ్చిన కన్నయ్య మాత్రం ఇది విని ఎగిరిపడ్డాడు.

"మూడు నెల్లా! పెండ్లి సంబంధమే నేను ఒక్క పూటలో ఖాయం చేసినాను మేడం. ఇడదీసేదానికి వాయిదాలు పెడితే అర్థముండాది. కలిపేదానికి కూడానా?"

"పెద్దాయనా, ఈ పాప చెయ్యి విరిగినప్పుడు డాక్టరు కట్టు కట్టి వెంటనే విప్పేశాడా? వారాల తరబడి ఉంచలేదా? అతుకుపడిందో లేదో చూడాలి కదా."

కన్నయ్య ఆమె మణికట్టు వైపు చూసి, కండువా సర్దుకుని, "సరి, సరి" అన్నాడు.

మునిలక్ష్మి పుట్టింటి నుంచి మొగుడి ఇంటికి తిరిగి వచ్చింది. ఆ మూడు నెలలు గజేంద్ర నడిచిన తీరు చూసి వాళ్ల వీధి ముక్కున వేలేసుకుంది. మొదటి వాయిదాకు మల్లెపూలతో వచ్చాడు. ఆ తర్వాతి వాయిదాకు ఏకంగా మాల వేసుకుని, నల్ల పంచె కట్టుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా వచ్చాడు. తాగుడు లేదు, మాంసం లేదు, గట్టిగా మాట్లాడడం లేదు. మాల వేసుకున్న వాళ్లను పేరు పెట్టి పిలవకూడదు కదా. మా బంట్రోతు నిష్ఠాపరుడు, ఆయన కోర్టు గుమ్మంలో నిలబడి, "ముద్దాయి గజేంద్ర స్వామీ!" అని పిలిచాడు. మేజిస్ట్రేటు గారు కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఇంకా కుర్రవాడు, పాపం నవ్వు ఆపుకోలేకపోయాడు. ముద్దాయి గారు మాత్రం గంభీరంగా చేతులు జోడించి వచ్చి నిలబడ్డాడు.

ఆ మాల ఏ దేవునికి వేసుకున్నాడో గానీ, మా కోర్టుకే వేసుకున్నాడని నేను వేళాకోళం చేశాను. అయినా లోపల నాకు సంతోషమే. వాడు మారాడని నేను నమ్మాను. ఈ ఉద్యోగంలో ఇట్లాంటివి నమ్మాలనే ఉంటుంది.

చివరి వాయిదా

గడువు తీరిన రోజు అందరూ వచ్చారు. మేజిస్ట్రేటు గారు ముందు గజేంద్రను అడిగారు. "ఒప్పుకుంటా ఉండాను సార్" అన్నాడు. తర్వాత మునిలక్ష్మి వైపు తిరిగారు.

"సార్, ముందర ఒక మాట చెప్పొచ్చునా?"

వెనక బెంచీలో కన్నయ్య దగ్గాడు. "చెప్పమ్మా" అన్నారు మేజిస్ట్రేటు.

"పోయిన వారం ఇంట్లో ఒక అబద్ధం చెప్పినాను సార్. కోర్టు నించి మేడం ఫోను చేసినారు, కేసు కొట్టేసినారంట, ఇంగ మనం ఆడికి పోయే పన్లేదు అని ఆయప్పకు చెప్పినాను."

అందరూ నా వైపు చూశారు. నేను ఎవరికీ ఏ ఫోనూ చేయలేదు. "మేడంకు తెలీదు సార్, నేనే అల్లినాను" అంది ఆమె.

"ఎందుకట్లా చెప్పావమ్మా?"

"సూద్దామని సార్. మూడు నెల్లు బంగారం మాదిరి ఉండాడు. నాకు బంగారమా, కేసుకు బంగారమా తెలియల్ల కదా." ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "శానా సంతోషపడినాడు సార్. సాయంత్రం తొందరగా ఇంటికొచ్చినాడు. కాళ్లు కడుక్కున్నాడు. అన్నం తిన్నాడు. పిల్లోన్ని బయట ఆడుకో పో అని పంపించినాడు. పంపించి, లోపల గొళ్లెం పెట్టినాడు."

నవ్వినవాళ్లు ఆగిపోయారు.

"కొట్టాడా?" అని మేజిస్ట్రేటు గారు మెల్లగా అడిగారు.

"లేదు సార్. గొళ్లెం పెట్టి నా తట్టు తిరిగినాడు. 'ఇప్పుడు చెప్పు, స్టేషన్లో నా మీద ఏమేమి చెప్పినావో మొదట్నించి చెప్పు' అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఎంటనే నేను 'ఊరికే తమాషాకు అన్నాను, కేసు ఇంకా ఉండాది, వచ్చే వారమే వాయిదా' అన్నాను."

"అప్పుడు?"

"గొళ్లెం తీసినాడు సార్."

మేజిస్ట్రేటు గారు గజేంద్రను చూసి, "నిజమేనా?" అన్నారు. గజేంద్ర వెనక్కి తిరిగి మేనమామను చూశాడు. కన్నయ్య కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

"అయితే రాజీ వద్దంటావా అమ్మా?"

"ఆ పొద్దు గొళ్లెం తీయించింది కేసే కదా సార్. అది లేకుండా నేను ఆ ఇంట్లో ఎట్ల ఉండేది?"

నేను వాదించడానికి ఏమీ మిగలలేదు. రాజీ అర్జీ కొట్టేశారు. అవతలి లాయరు వాయిదా అడిగినా, ఆమె చీఫ్, అంటే మా తరఫున అడిగి చెప్పించే సాక్ష్యం, ఆ రోజే రికార్డు చేశాం. మునిలక్ష్మి బోనెక్కి, మణికట్టు ఎట్లా విరిగిందో జరిగింది జరిగినట్టు చెప్పింది. తర్వాత ఆ సాక్ష్యం మీదే శిక్ష పడింది. అప్పీలు, బెయిలు, అదంతా మామూలు తంతే.

నాకు గుర్తుండేది శిక్ష కాదు, ఆమె సాక్ష్యం చెప్పిన రోజు సాయంత్రం బస్టాండు. నా బస్సు కోసం నేనూ అక్కడే నిలబడి ఉన్నాను. నగరి బస్సు వచ్చింది. మునిలక్ష్మి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వెనకే గజేంద్ర ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. కన్నయ్య వాడి భుజం పట్టి కిందికి లాగాడు.

"నువ్వు దీంట్లో రావద్దు. తర్వాత బస్సుకు రా."

"మామా, ఇంటికి పోవల్ల కదా..."

"మా ఇంటికి రా. అది ఇంగ ఆ పాప ఇల్లు. పిల్లోన్ని సూడాలంటే ముందర నాకు చెప్పు, నేను తోడొస్తా. తలుపు తీసి పెట్టి, గుమ్మం బయట కూర్చోని సూసిపో."

ఆ ముసలాయన ఒక్కడే బస్సెక్కి, మునిలక్ష్మి ముందు సీట్లో, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. బస్సు కదిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లనే చూస్తూ ఉండిపోయాను, నేను ఎక్కవలసిన బస్సు అప్పటికే వెళ్లిపోయింది.